పిచ్చుకలకు మూకుడు నీళ్లు, గుప్పెడు వరి కంకులు

పిచ్చుకలకు ఏదైనా పెడదామనుకోగానే గింజలు కొంటాం. వేసవిలో ముందు చూడాల్సింది నీళ్లు. గింజ ఎక్కడో ఒకచోట ఏరుకుంటాయి. కాలవలు ఎండిపోయిన రోహిణి కార్తెలో గుక్కెడు నీళ్లు దొరకడమే గగనం.

అడుగు వెడల్పున్న మట్టి మూకుడు తీసుకోండి. లోతు 2 అంగుళాలు దాటకూడదు. స్టీలు గిన్నె ఎండకు కాలిపోతుంది, నున్నటి అంచు మీద కాలు జారుతుంది. మధ్యలో నీళ్లపైకి కనిపించేలా ఒక గరుకు రాయి పెట్టండి. పిచ్చుక ముందు దాని మీద వాలి, అటూ ఇటూ చూసి, ముక్కు ముంచి, తలెత్తి మింగుతుంది. నీళ్లకొచ్చే తేనెటీగలు మునిగిపోకుండా కాపాడేదీ ఆ రాయే.

మూకుడిని నీడపట్టున, పిట్టగోడ మీద పెట్టండి. పిల్లి నక్కే పొద పక్కనే ఉండకూడదు.

రోజూ పొద్దున్నే పాత నీళ్లు పారబోసి కొత్తవి పోయాలి. ఉన్నవాటిలోనే కలిపి నింపడం చాలామంది చేసే పొరపాటు. రెట్టలు పడ్డ నీళ్లతో ఒక పిట్ట జబ్బు అన్నింటికీ అంటుకుంటుంది. వారం పది రోజులు వదిలేస్తే దోమలూ పుడతాయి. పాచి పట్టకముందే కొబ్బరి పీచుతో తోమండి, సబ్బు వద్దు.

ఇక వరి కుచ్చు. గోదావరి జిల్లాల్లో గుళ్లలో, వసారాల్లో వేలాడుతూ కనిపించేది ఇదే. కోత మిషన్ చేలోకి దిగకముందే పండిన కంకుల్ని జానెడు కాడతో కొడవలితో కోసుకోవాలి. రెండు రోజులు నీడన ఆరనిచ్చి, కట్టేముందు కాడల మీద కాస్త నీళ్లు చిలకరించండి, లేకపోతే పుటుక్కున విరుగుతాయి. రెండు గుప్పిళ్ల కంకులు సమంగా పేర్చి, కాడల దగ్గర పురికొసతో రెండుచోట్ల బిగించి, కంకులు కిందికి వేలాడేలా చూరుకు కట్టండి. నైలాన్ దారం మాత్రం వాడొద్దు, కాళ్లకు చుట్టుకుంటే పిట్ట అక్కడే వేలాడి చచ్చిపోతుంది. గోడకు ఆనితే ఎలుకలు ఎక్కుతాయి. జల్లుకు తడిసి బూజు పడితే తీసేయండి.

కంకులు దొరక్కపోతే నూకలు, కొర్రలు, సజ్జలు గుప్పెడు చాలు. రంగు పట్టించిన విత్తనాలు ఎంత మిగిలినా వేయకండి, అది విత్తనశుద్ధి మందు, విషం. ఉప్పూ నూనే తగిలిన మిక్చరూ వద్దు.

గూట్లోని పిల్లలకు తల్లి పిచ్చుక గింజలకన్నా పురుగులే ఎక్కువ తెచ్చి పెడుతుంది. అందుకే గూట్లో పిల్లలున్న రోజుల్లో చిక్కుడు పాదు మీది పేనుబంకకు మందు కొట్టకండి.

ఫ్యాన్ కప్పులో గడ్డిపరకలు కనిపిస్తే మొదటి రోజే తీసేసి, కప్పు సందును గుడ్డతో మూయండి. గుడ్లు పెట్టేశాక గూడు కదపకూడదు. పిల్లలు ఎగిరిపోయేదాకా దాదాపు నెల పడుతుంది. అన్నాళ్లూ ఆ ఫ్యాన్ స్విచ్ మీద కాగితం అంటించి, గూటికి దూరంగా టేబుల్ ఫ్యాన్ పెట్టుకోండి.