టీషర్టుల షాపుకి డీటీజీ (బట్ట మీదే నేరుగా ఇంకు కొట్టే) ప్రింటర్ – 3వ పాఠం: తెల్ల ఇంకు సంగతి

పోయిన పాఠంలో మీ ఆర్డర్లని రెండు కుప్పలు చేయమన్నాను కదా, తెల్ల టీషర్టులు ఒకవైపు, నల్లవీ ముదురు రంగులవీ ఇంకోవైపు. ఆ లెక్క రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకోండి, ఏ మెషీన్ కొనాలో చాలావరకు తేల్చేది ఆ రెండో కుప్పే.

తెల్ల బట్ట మీద పని తేలిక. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు చాలు, డిజైన్‌లో తెలుపు కావాల్సిన చోట బట్టే కనిపిస్తుంది. నల్ల బట్ట మీద ఆ రంగులు పైకి తేలవు కాబట్టి ముందు తెల్ల ఇంకు పొర వేసి, దాని మీద రంగులు వేయాలి. అంతకంటే ముందు బట్టకి ప్రీట్రీట్‌మెంట్ ద్రవం కొట్టి హీట్ ప్రెస్ కింద ఆరబెట్టాలి, లేదంటే తెలుపు నూలులోకి ఇంకిపోయి మాసిపోయినట్టు కనిపిస్తుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. ఈ ఇంకుకి తెలుపునిచ్చేది టైటానియం డయాక్సైడ్, బరువైన పొడి. సున్నం కలిపిన బకెట్‌ని కాసేపు కదపకుండా వదిలేస్తే పైన తేట, అడుగున ముద్ద చేరుతుంది చూశారా, ట్యూబుల్లో ఈ ఇంకూ అంతే. ఆ ముద్ద ఇంకు చిమ్మే హెడ్ దాకా వచ్చిందంటే దాని సన్నటి రంధ్రాలు, అంటే నాజిల్స్, మూసుకుపోతాయి. నేను మొదటి మెషీన్‌ని పది రోజులు ఆపేసి ఊరెళ్లాను. తిరిగొచ్చి నాజిల్ చెక్ (ఏ నాజిల్ పనిచేస్తోందో చూపే గీతల ప్రింట్) తీస్తే మిగతా రంగుల గీతలు నిండుగానే ఉన్నాయి, తెలుపులో మాత్రం పళ్లు ఊడిన దువ్వెనలా సందులే సందులు. ఎన్నిసార్లు క్లీనింగ్ పెట్టినా కొన్ని తెరుచుకోలేదు, చివరికి హెడ్ మార్చాల్సి వచ్చింది.

అందుకే అమ్మే వాళ్లని ముందు ఇది అడగండి: తెల్ల ఇంకు దానంతట అదే తిరుగుతూ ఉంటుందా, లేక రోజూ కార్ట్రిడ్జ్ తీసి మనమే ఊపాలా? తిరిగేదైతే కరెంటు పోయినప్పుడు ఏంటి పరిస్థితి? హెడ్‌ని మూసి ఉంచే క్యాపింగ్ స్టేషన్, దాన్ని తుడిచే వైపర్, దానికి ఇంకు అందించే డాంపర్ మనమే మార్చుకోవచ్చా, హెడ్ పోతే ఖర్చెంత, ఎన్నాళ్లకి దొరుకుతుంది? దీనికి సూటిగా జవాబు రాకపోతే నేనైతే ఆ మెషీన్ కొనను, ప్రింట్ ఎంత అందంగా వచ్చినా సరే. గదిలో గాలి మరీ పొడిగా ఉన్నా హెడ్ ఎండిపోతుంది, తేమ ఎంత ఉండాలంటారో కూడా అడిగి రాసుకోండి.

రెండో కుప్ప చిన్నదై, వారానికి ఒకటో రెండో నల్ల టీషర్టులు వస్తుంటే వాటికోసం తెల్ల ఇంకుని మేపడం దండగ. వాటిని డీటీఎఫ్‌లో (ఫిల్మ్ మీద ప్రింట్ తీసి బట్టకి వేడితో అతికించే పద్ధతి) బయట చేయించండి. రోజూ వస్తుంటే మాత్రం ఇంకుని తిప్పే మెషీన్‌కి కాస్త ఎక్కువైనా పెట్టండి.

ఈ వారం పని: డెమోకి మీ డిజైనే పట్టుకెళ్లండి, సన్నటి అక్షరాలూ ఒక ముఖం ఫొటో ఉన్నది. వంద శాతం కాటన్ నల్ల టీషర్టు మీద వేయించి, ఇంటికి తెచ్చి తిరగేసి ఐదుసార్లు ఉతకండి, ఉతికిన ప్రతిసారీ ఒకే వెలుతురులో ఫొటో తీయండి. ఆ ప్రింట్‌కి తెలుపు ఎన్ని మిల్లీలీటర్లు, రంగులు ఎన్ని పట్టాయో డిజైన్‌ని ప్రింటర్‌కి పంపే రిప్ సాఫ్ట్‌వేర్‌లో చూపించమని అడిగి రాసుకోండి. 4వ పాఠంలో టీషర్టుకి ఇంకు ఖర్చు ఆ అంకెలతోనే కడదాం.