సైన్స్ జర్నల్‌కి పేపర్ పంపడం – 5వ పాఠం: రివ్యూయర్లకు జవాబు

గత పాఠంలో మన నమూనా పేపర్‌ని, అంటే నల్గొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద రాసినదాన్ని, కవర్ లెటర్‌తో సహా అప్‌లోడ్ చేసి సబ్మిట్ నొక్కాం. స్టేటస్ ‘విత్ ఎడిటర్’ నుంచి ‘అండర్ రివ్యూ’కి మారింది. కొన్ని నెలలు గడిచాయనుకుందాం. ఇప్పుడు మెయిల్ వచ్చింది: మేజర్ రివిజన్, అంటే పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమని. కింద ఇద్దరు రివ్యూయర్ల (ఎడిటర్ కోరితే పేపర్‌ని పరిశీలించే బయటి నిపుణుల) కామెంట్లు, మూడు పేజీలు.

ఇది మంచి వార్తే. మొదటిసారే ఉన్నదున్నట్టు తీసుకోవడం చాలా అరుదు. వద్దనుకుంటే ఎడిటర్ రివ్యూకి కూడా పంపకుండా తిప్పి పంపేవారు. డెస్క్ రిజెక్ట్ అంటే అదేనని 3వ పాఠంలో చూశాం. మేజర్ రివిజన్ ఇచ్చారంటే పేపర్ మీద ఆశ ఉన్నట్టే, కాకపోతే చాకిరీ ఉంది.

మెయిల్ చదివిన రోజే జవాబు రాయకండి. కోపం వస్తుంది. ఐన్‌స్టీన్‌కే వచ్చింది. 1936లో ఆయన, నేథన్ రోజెన్ కలిసి గురుత్వ తరంగాలు ఉండవని తేల్చే పేపర్ ఒకటి అమెరికాలోని ఫిజికల్ రివ్యూకి పంపారు. ఎడిటర్ జాన్ టేట్ దాన్ని ఒక నిపుణుడికి చూపించి, ఆయన రాసిన పది పేజీల అభ్యంతరాలను ఐన్‌స్టీన్‌కి పంపారు. అంతకుముందు ఐన్‌స్టీన్ ఎక్కువగా రాసిన జర్మన్ పత్రికల్లో ఇలా బయటివాళ్లకి చూపించే అలవాటు అంతగా లేదు. అచ్చు వేయమని పంపాను గానీ ముందే ఎవరికో చూపించమని కాదని మండిపడి పేపర్ వెనక్కి తీసుకున్నారు. తీరా చూస్తే ఆ నిపుణుడి మాటే నిజమైంది. 1937లో ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ జర్నల్‌లో వచ్చేసరికి పేపర్ ముగింపే మారిపోయింది. ఆ నిపుణుడు హోవర్డ్ రాబర్ట్‌సన్ అని 2005లో, పత్రిక పాత రికార్డుల ద్వారా బయటపడింది. ఐన్‌స్టీన్ కాబట్టి ఇంకో జర్నల్ ఇట్టే దొరికింది. మనకంత వెసులుబాటు ఉండదు.

కోపం తగ్గాక పని మొదలుపెడదాం. కామెంట్లన్నీ ఒక్క అక్షరం మార్చకుండా ఒక వర్డ్ ఫైల్‌లోకి కాపీ చేయండి. ఒకే పేరాలో మూడు విషయాలు అడిగితే మూడుగా విడగొట్టి 1.1, 1.2, 1.3 అని నంబర్లివ్వండి. రెండో రివ్యూయర్‌వి 2.1 నుంచి. ప్రతి కామెంట్ కింద మీ జవాబు వేరే రంగులో ఉండాలి. మొదట్లో కృతజ్ఞతలు ఒకసారి చెప్తే చాలు. ప్రతి కామెంట్‌కీ ‘మీ అమూల్యమైన సూచనకు ధన్యవాదాలు’ అంటూ పోతే ఉత్తరం సన్మాన పత్రంలా తయారవుతుంది.

ఉత్తరం రివ్యూయర్లకే అయినా ముందు చదివేది ఎడిటర్. రివ్యూయర్లు సలహా ఇస్తారు, నిర్ణయం ఎడిటర్‌దే. పేపర్ మొత్తం మళ్లీ చదివే తీరిక ఎడిటర్‌కి ఉండకపోవచ్చు. ఉత్తరం ఒక్కటి చదివితేనే ఏ అభ్యంతరం ఎలా తీరిందో తెలిసిపోవాలి. అందుకని ‘సరిచేశాం’ అని వదిలేయకుండా, కొత్తగా రాసిన వాక్యాన్ని అక్కడే చూపించి, పేజీ, లైన్ నంబర్లు ఇవ్వండి.

ఇప్పుడు మన పేపర్ కామెంట్లు చూద్దాం. అసలు ఉత్తరం ఇంగ్లీషులో వెళ్తుంది, ఇక్కడ సారం తెలుగులో ఇస్తున్నాను.

కామెంట్ 1.1: ‘ఫ్లోరైడ్‌ని అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచారు. నీళ్లలో అల్యూమినియం, ఇనుము ఉంటే రీడింగ్ తక్కువ వస్తుంది. దానికేం చేశారు?’

మనం టిసాబ్ బఫర్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే ద్రావణం) కలిపాం. ల్యాబ్‌లో అందరూ కలిపేదే కదా అని రాయలేదు. ‘టిసాబ్ వాడటం అందరికీ తెలిసిందే’ అని జవాబిస్తే, మీకే తెలియదని రివ్యూయర్‌ని అన్నట్టు. ఇలా రాయండి: ‘టిసాబ్ వాడాం, మెథడ్స్‌లో చెప్పలేదు. 6వ పేజీ, 112వ లైన్‌లో చేర్చాం: “ప్రతి శాంపిల్‌కీ సమాన పరిమాణంలో టిసాబ్ కలిపి పీహెచ్ 5–5.5 మధ్య ఉంచాం. అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ని పట్టేసుకోకుండా ఇది అడ్డుకుంటుంది.”’ రివ్యూయర్‌కి అనుమానం వచ్చిన చోట రేపు చదివేవాళ్లకీ వస్తుంది.

కామెంట్ 1.2: ‘శాంపిళ్లు ఏప్రిల్, మే నెలల్లోనే తీశారు. ఏడాది పొడవునా లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటుతోందని ఎలా అంటారు?’

ఇదీ అసలైన దెబ్బ. వాళ్లడిగింది నిజం. రివిజన్ గడువులోగా వర్షాకాలం శాంపిళ్లు తేలేం. ఇలాంటప్పుడు వాదన కాదు, మన మాటే తగ్గించుకోవాలి. టైటిల్‌లో ‘వేసవిలో’ అని చేర్చండి. ఆబ్‌స్ట్రాక్ట్‌లో (పేపర్ మొదట్లో ఉండే సారాంశంలో), ముగింపులో ‘ఏడాది పొడవునా’ తీసేయండి. చాలామంది చివర్లో పరిమితుల పేరాలో ఒక వాక్యం చేర్చి, ఆబ్‌స్ట్రాక్ట్‌ని మాత్రం పాతగానే ఉంచేస్తారు. రెండో రౌండ్‌లో రివ్యూయర్ ముందు వెతికేది అక్కడే.

కామెంట్ 2.3: ‘ఐసీపీ-ఎంఎస్‌తో కూడా కొలిచి సరిపోల్చండి.’

ఇక్కడ కాదనొచ్చు, కారణం ఉంది కాబట్టి. ఐసీపీ-ఎంఎస్ అంటే మూలకాలను అయాన్లుగా మార్చి కొలిచే యంత్రం. అందులో ఆ పని చేసేది ఆర్గాన్ ప్లాస్మా, అంటే బాగా వేడెక్కిన ఆర్గాన్ వాయువు. ఫ్లోరిన్ అయనీకరణ శక్తి ఆర్గాన్ కంటే ఎక్కువ, అందువల్ల మామూలు పద్ధతిలో ఫ్లోరైడ్ సరిగా దొరకదు. ఇది రెండు వాక్యాల్లో చెప్పి ఆగిపోకండి. రివ్యూయర్‌కి కావలసింది యంత్రం కాదు, రీడింగుల మీద నమ్మకం. కొన్ని శాంపిళ్లని అయాన్ క్రొమటోగ్రఫీతో (నీళ్లలోని అయాన్లను విడదీసి కొలిచే పద్ధతి) కొలిచి, రెండు పద్ధతుల ఫలితాలనూ పక్కపక్కన పట్టికలో పెట్టండి. మీ దగ్గర ఆ పరికరం లేకపోతే పక్క యూనివర్సిటీని అడగడానికి మొహమాటపడకండి.

కామెంట్ 2.4: ‘ఈ ఐదు పేపర్లను ఉదహరించండి.’

ఐదూ ఒకే రచయితవైతే ఆ రివ్యూయర్ ఎవరో ఊహించడం కష్టం కాదు! ఊహని ఉత్తరంలో పెట్టకండి. ఐదూ చదవండి. సంబంధం ఉన్నవాటిని చేర్చండి, మిగతావి మన విషయానికి దూరమని మర్యాదగా రాయండి. ఒత్తిడి మరీ ఎక్కువనిపిస్తే ఎడిటర్‌కి విడిగా రాసుకోవచ్చు. ఒక రివ్యూయర్ ఇంట్రడక్షన్ తగ్గించమని, ఇంకొకరు పెంచమని అన్నా ఇంతే: ఒక దారి ఎంచుకుని, ఎందుకో ఎడిటర్‌కి చెప్పండి.

పంపేటప్పుడు మామూలుగా మూడు ఫైళ్లు అడుగుతారు: జవాబు ఉత్తరం, ట్రాక్ చేంజెస్‌తో మార్పులు కనిపించే పేపర్, శుభ్రమైన పేపర్. లైన్ నంబర్లు ఏ ఫైల్‌వో ఉత్తరం పైనే రాయండి, ఎందుకంటే రెండు ఫైళ్లలో అవి ఒక్కలా ఉండవు. గడువు సరిపోదనిపిస్తే తేదీ దాటకముందే మెయిల్ చేయండి, ఎడిటర్లు సాధారణంగా ఒప్పుకుంటారు. గైడ్‌తో సహా రచయితలందరూ ఉత్తరం చదివాకే పంపాలి.

అభ్యాసం: రివ్యూయర్ కామెంట్ ‘24 బోర్లు చాలా తక్కువ. వీటితో జిల్లా మొత్తానికి మ్యాప్ ఎలా గీశారు?’ దీనికి రెండు జవాబులు రాయండి. ఒకటి, ఇంకొన్ని బోర్ల నీళ్లు తెచ్చే వీలుంటే. రెండోది, వీలు లేకపోతే. రెండో జవాబులో మ్యాప్ ఉంచుతారా, తీసేస్తారా అన్నది ముందు తేల్చుకోండి. 6వ పాఠంలో పేపర్ తీసుకున్నాక వచ్చే ప్రూఫ్‌లు, కాపీరైట్ ఫారం చూద్దాం.