కేస్ స్టడీ రాయడం – 4వ పాఠం: ఎంతమందిలో ఎంతమంది?

పోయిన పాఠంలో "ఫలితం అంకెల్లో చెప్పండి" అని ఒక్క ముక్క అని వదిలేశాను. మీరు పంపిన కేస్ స్టడీల్లో సగానికి పైగా "95 శాతం మంది విజయవంతంగా పూర్తి చేశారు" అనే ధోరణిలోనే ముగిశాయి. ఎంతమందిలో 95 శాతమో ఒక్కరూ రాయలేదు. కాబట్టి నేపథ్యం రాయడం గురించి వచ్చేసారి చూద్దాం, ముందు ఇది సరిచేసుకోవాలి.

ఉదాహరణకు, 2012లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం నుంచి ఎంఐటీఎక్స్ పేరుతో వచ్చిన మొదటి ఆన్‌లైన్ కోర్సు సర్క్యూట్స్ అండ్ ఎలక్ట్రానిక్స్. పేరు నమోదు చేసుకున్నవారు 1,54,763. మొదటి హోంవర్క్‌కు చేయి పెట్టినవారు 23,349. మధ్యలో పెట్టే మిడ్‌టర్మ్ పరీక్ష దాకా వచ్చినవారు 10,547. ఫైనల్ రాసినవారు 8,240. సర్టిఫికెట్ అందుకున్నవారు 7,157.

ఈ 7,157ను నమోదైనవారితో పోలిస్తే 4.6 శాతం. హోంవర్క్ మొదలుపెట్టినవారితో పోలిస్తే దాదాపు 31. మిడ్‌టర్మ్ వాళ్లతో అయితే 68, ఫైనల్ రాసినవాళ్లతో అయితే 87. నాలుగూ నిజమే. కానీ 4.6 చూసిన ప్రిన్సిపాల్ "మనకొద్దు" అంటారు, 87 చూసినవారు వెంటనే మొదలుపెడదామంటారు. నేనైతే శాతాలు రాయను. మెట్టు మెట్టుకీ ఎంతమంది మిగిలారో రాస్తాను, కావలసినవారు భాగించుకుంటారు. అలా రాస్తే 1,31,414 మంది మొదటి హోంవర్క్ కూడా ముట్టుకోలేదన్న సంగతి బయటపడుతుంది. ఫీజు లేదు కదా అని ఊరికే పేరిచ్చారా, లెక్కలు చూసి భయపడ్డారా? మీ కేస్ స్టడీ తవ్వాల్సింది అక్కడ.

అదే కోర్సులో మంగోలియాలోని ఉలాన్‌బాతర్‌కు చెందిన 15 ఏళ్ల కుర్రాడు పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు. ఇది అందరూ రాస్తారు. అతని స్కూల్లో ఆ కోర్సును క్లాసుగా నడిపారనీ, ల్యాబ్ చేయించడానికి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నుంచి ఒకరు వెళ్లారనీ రాయడం మాత్రం మరిచిపోతారు. అది లేకపోతే చదివినవారు వీడియోలు పెడితే చాలనుకుంటారు.

అభ్యాసం: మీ ప్రాజెక్టులో మధ్యలో మానేసిన ముగ్గురికి ఫోన్ చేయండి. "టైమ్ దొరకలేదండీ" అంటే అక్కడితో వదలకండి. ఏ వారం, ఏ పాఠం దగ్గర ఆగారో అడిగి, వాళ్ల మాటల్లోనే రాయండి. ఉద్యోగస్థులైతే రాత్రి ఎనిమిది దాటాక చేయండి, కాస్త తీరిగ్గా మాట్లాడతారు.