కట్ట మీద జంట, కట్ట కింద కెమెరా

నేను తీసిన మొదటి సిలౌట్ ఫొటో (వెనక వెలుగు, ముందు మనిషి నల్లటి ఆకారం) చూసి పెళ్లికూతురి అవ్వ, "ఇందులో మా పిల్ల ఏది నాయనా?" అని అడిగింది. చంద్రగిరి దగ్గర చెరువు కట్ట మీద ఇద్దరినీ గట్టిగా హత్తుకోమన్నాను. ఆకాశం కుంకుమ రంగులో వచ్చింది, జంట గడ్డివాములా వచ్చింది.

సిలౌట్‌లో ముఖం, నగలు, చీర రంగు ఏవీ ఉండవు. మిగిలేది అంచుగీత ఒక్కటే. అందుకే ఇద్దరి మధ్య ఆకాశం కనిపించాలి. ఎదురెదురుగా, కెమెరాకు పక్కవాటుగా నిలబెట్టండి. ముక్కుకూ ముక్కుకూ మధ్య బెత్తెడు సందు చాలు. మోచేతులు ఒంటికి అంటకూడదు. కొప్పు చుట్టూ మల్లెచెండు ఉంటే ఆ గుండ్రటి రూపు చక్కగా పడుతుంది. పైట కప్పుకుంటే మాత్రం గుడారమే, చెంగు గాలికి వదిలేయమనండి. పంచె కట్టిన అబ్బాయి కాళ్లు ఒకటే స్తంభంలా కనిపిస్తాయి, ఒక అడుగు ముందుకు వేయించండి.

మన వైపు అసలు చిక్కు కొండలతోనే. సాయంత్రం శేషాచలం కూడా నల్లగానే ఉంటుంది, దాని ముందు మనిషి కలిసిపోతాడు. కాబట్టి జంటను కట్ట పైన నిలబెట్టి, మీరు తూర్పు దిగువన దాదాపు నేల మీద పడుకోండి. (పల్లేరుకాయలు అంటుకోని చొక్కా నాకు లేదు.) తలల వెనక తాటిచెట్టు, కరెంటు తీగ రాకుండా చూసుకోండి.

తిరుపతిలో సూర్యాస్తమయం డిసెంబరులో 5.45 దాటాక, జూన్‌లో 6.40 ప్రాంతంలో. పడమట కొండ ఉంటే అంతకు ముందే మింగేస్తుంది. పైగా సూర్యుడు జూన్‌లో వాయవ్యం వైపు, డిసెంబరులో నైరుతి వైపు జరిగి దిగుతాడు. ఆషాఢానికి ముందు చూసుకున్న చోటు మార్గశిర ముహూర్తాలకు పనికిరాదు.

కెమెరాలో ఐఎస్‌ఓ (వెలుగుకు స్పందించే స్థాయి) 100, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం కొలత), షట్టర్ 1/500 సెకనుతో మొదలుపెట్టి, ఆకాశానికి రంగు వచ్చేదాకా షట్టర్ వేగం పెంచండి. ఫోకస్ మనుషుల అంచు మీద ఉండాలి. సూర్యుడిని వ్యూఫైండర్‌లోంచి చూడవద్దు, తెర మీదే చూడండి. ఫోనైతే ఆకాశాన్ని తాకి వెలుగు తగ్గించండి. ఫ్లాష్, హెచ్‌డీఆర్ ఆపేయండి. హెచ్‌డీఆర్ నీడల్లోకి వెలుగు తెచ్చి ముఖాలను బూడిద రంగు చేస్తుంది.

సూర్యుడు దిగగానే సంచి సర్దుకోకండి. ఇంకో పావుగంట రంగు ఉంటుంది. అదే కట్ట మీదకు ఆ జంటను మళ్లీ తీసుకెళ్లినప్పుడు, పని అయిపోయిందనుకుని అమ్మాయి వంగి చెప్పు పట్టీ సరిచేసుకుంది, పడిపోకుండా అబ్బాయి చెయ్యి అందించాడు. ఈసారి అవ్వ ఏమీ అడగలేదు. ఫొటోలో మనవరాలి కొప్పు మీద వేలు పెట్టింది.