పొడి మందు ఇన్‌హేలర్ సరిగ్గా పీల్చడం ఎలా?

మాది పర్లాకిమిడి. మా పెద్దమ్మకి ఆస్తమా, పాతపట్నంలో డాక్టర్‌కి చూపిస్తే క్యాప్సూల్ వేసి పీల్చే ఇన్‌హేలర్ రాశారు, మందుల షాపు వాళ్లు మిషను, క్యాప్సూల్స్ డబ్బా చేతిలో పెట్టి పంపేశారు. పది రోజులైనా ఆయాసం తగ్గట్లేదంటే వెళ్లి చూశాను, ఆవిడ రోజూ పొద్దున్నే ఆ క్యాప్సూల్ నీళ్లతో మింగేస్తోంది. "గొట్టం మాత్రే కదరా, దీన్ని పీల్చడమేంటి?" అంది. ఆవిడ తప్పు ఏమీ లేదు, కూర్చోబెట్టి చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. ఇలాంటి ఇళ్లు ఇంకా ఎన్ని ఉన్నాయో అని బాధేసి ఇది రాస్తున్నాను.

ముందు మిషన్ లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి, అది తెలిస్తే స్టెప్పులు బట్టీ పట్టక్కర్లేదు. స్ప్రే పంపులో గ్యాస్ ఉంటుంది, నొక్కితే అదే మందుని బయటికి తోస్తుంది. పొడి మందు మిషన్‌లో గ్యాస్ లేదు, బ్యాటరీ లేదు, మోటార్ లేదు, మోటార్ మీ ఊపిరే. మందు రేణువు 1 నుంచి 5 మైక్రాన్ల సైజులో ఉండాలి (మన వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది), అంతకంటే పెద్దదైతే గొంతులోనే కొట్టుకుని ఆగిపోతుంది, మరీ చిన్నదైతే ఊపిరితో పాటు మళ్లీ బయటికి వచ్చేస్తుంది. కానీ అంత మెత్తటి పొడి ఊరికే ఉండదు, ఉండ కట్టేస్తుంది. అందుకని దాన్ని లాక్టోజ్ అనే పాల చక్కెర పలుకులకి అంటిస్తారు, అరిసె మీద నువ్వులు అంటుకున్నట్టు అన్నమాట. మీరు గట్టిగా లాగినప్పుడు ఆ గాలి దెబ్బకి, నోట్లో పెట్టుకునే గొట్టం దగ్గర ఉండే జల్లెడ దెబ్బకి నువ్వులు విడిపోయి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, అరిసె గొంతు దగ్గరే ఆగిపోతుంది, కొంచెం తియ్యగా అనిపించేది అదే. మెల్లగా లాగితే నువ్వులు విడవవు, మొత్తం గొంతుకే అంటుకుని కడుపులోకి పోతుంది, అంటే డబ్బు ఖర్చు తప్ప మందు పడనట్టే.

ఇలాంటి మిషన్లలో తొలి తరం వాటిల్లో ఒకటైన స్పిన్‌హేలర్‌ని 1960ల్లో తయారుచేసింది రోజర్ ఆల్టూన్యన్ అనే డాక్టర్, ఆయనకీ ఆస్తమా ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్లకి ట్రైనింగ్ ఇచ్చిన మనిషి, అందుకే లోపల చిన్న ప్రొపెల్లర్ పెట్టి, పీలిస్తే క్యాప్సూల్ గిర్రున తిరిగేలా చేశారు. తన జబ్బుతో తనే పోట్లాడి చేసిన పని అది, నాకు ఆయన మీద చాలా గౌరవం.

సరే, ఇప్పుడు పీల్చడం. మొదట చేతులు పొడిగా తుడుచుకోండి. మా వైపు శ్రావణ భాద్రపదాల్లో ఉప్పు డబ్బాలోనే నీరు ఊరుతుంది, ఈ పొడికి తడి అంటే అంతకంటే పడదు, తేమ తగిలితే గడ్డ కడుతుంది. కాబట్టి క్యాప్సూల్ అప్పటికప్పుడు ఒకటి తీసి డబ్బా మూత వెంటనే బిగించండి, లోపల తేమ పీల్చే చిన్న పొట్లం ఉంటే పారేయొద్దు. రాత్రే మిషన్‌లో వేసి ఉంచితే పొద్దున్న పని తేలికని కొందరు చేస్తారు, అది అస్సలు వద్దు.

రోటాహేలర్ లాంటిదైతే మిషన్ నిలువుగా పట్టుకుని, చదరంగా ఉన్న రంధ్రంలో క్యాప్సూల్‌ని పారదర్శకంగా ఉన్న వైపు కిందకి పెట్టి, పైకి పొడుచుకు రాకుండా నొక్కండి. తర్వాత అడుగు భాగం చివరి దాకా తిప్పితే క్యాప్సూల్ రెండుగా విడిపోయి పొడి లోపల పడుతుంది. సూదులతో గుచ్చే రకమైతే ఒక్కసారే గుచ్చండి, రెండు మూడు సార్లు గుచ్చితే పెంకు ముక్కలై నోట్లోకి వస్తుంది.

ఇప్పుడు ఊపిరి మొత్తం బయటికి వదలండి, కానీ మొహం పక్కకి తిప్పి వదలండి, మిషన్‌లోకి ఊదితే పొడి ఎగిరిపోతుంది, పైగా ఊపిరిలో తడి లోపల పట్టేస్తుంది. తల కొంచెం పైకెత్తి, గొట్టం పళ్ల మధ్య పెట్టుకుని పెదాలు గట్టిగా మూసి, నోటితోనే మొదటి క్షణం నుంచే జోరుగా, లోతుగా లాగండి, తాటిముంజె జుర్రినంత గట్టిగా. మెల్లగా మొదలుపెట్టి చివర్లో గట్టిగా లాగుదాం అంటే కుదరదు, పొడి మొదట్లోనే లేచిపోతుంది కదా. తర్వాత మిషన్ తీసేసి పది లెక్కపెట్టే దాకా, లేదా ఓపిక ఉన్నంత సేపు ఊపిరి బిగబట్టండి, రేణువులు లోపల కుదురుకోడానికి ఆ టైమ్ కావాలి. మిషన్ తెరిచి చూడండి, పొడి మిగిలుంటే ఇంకోసారి లాగండి. ఆఖర్న నోరు పుక్కిలించి ఉమ్మేయండి, స్టెరాయిడ్ ఉన్న మందైతే ఇది తప్పనిసరి, లేకపోతే నాలుక మీద తెల్లగా ఫంగస్ రావచ్చు.

స్టెరాయిడ్ అనగానే మానేసేవాళ్లు చాలామంది, దయచేసి వద్దు. బ్యుడెసోనైడ్ అనే పీల్చే స్టెరాయిడ్ క్యాప్సూల్‌లో ఉండేది 200 మైక్రోగ్రాములు అనుకోండి, అంటే మిల్లీగ్రాములో ఐదో వంతు. మింగే స్టెరాయిడ్ అయిన ప్రెడ్నిసొలోన్ బిళ్ల 5 మిల్లీగ్రాములు, 10 మిల్లీగ్రాములు ఉంటుంది. తిన్నగా చోటుకే పోతుంది కాబట్టి అంత కొంచెం సరిపోతోంది.

రోటాహేలర్ లాంటి మిషన్‌ని వారానికోసారి మామూలు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే వాడండి, పొయ్యి దగ్గర పెట్టి ఆరబెట్టొద్దు, ప్లాస్టిక్ వంగిపోతుంది. వానాకాలంలో ఆరడానికి రోజు పట్టొచ్చు, అందుకే మేము రెండు మిషన్లు ఉంచుకుంటాం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాన్‌కి రోజుల తరబడి కరెంట్ లేనప్పుడు, మందుని సన్నటి తుంపరగా చేసి ఇచ్చే నెబ్యులైజర్ మిషన్లు ఉత్త డబ్బాలే, కరెంట్ అక్కర్లేని ఈ మిషన్ విలువ నాకు అప్పుడే అర్థమైంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను, లాగే బలం లేనివాళ్లకి ఇది పనికిరాదు. ఐదేళ్ల లోపు పిల్లలకి, బాగా నీరసించిన ముసలివాళ్లకి స్పేసర్ (పంపు నుంచి వచ్చిన మందు కాసేపు నిలిచే గొట్టం లాంటి డబ్బా) పెట్టిన స్ప్రే పంపు గురించి డాక్టర్‌ని అడగండి. ఆయాసంతో మాట కూడా రావట్లేదు, పెదాలు నీలంగా అవుతున్నాయి అంటే మళ్లీ మళ్లీ క్యాప్సూల్ వేస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మిషన్ కూడా సంచిలో వేసుకెళ్లి ఆయన ఎదుటే ఒకసారి పీల్చి చూపించండి, మా పెద్దమ్మ అలా చేస్తేనే పెదాల సందు నుంచి గాలి పోతోందని తెలిసింది.