గూడ్స్ ఇంజిన్‌లో పొగ కనిపిస్తే ఏం చేయాలి

విజయనగరం, శ్రీకాకుళం రోడ్ మీదుగా సాగే హౌరా–చెన్నై మార్గంలో తీగల్లోని విద్యుత్తు 25 వేల వోల్టులది కనుక, కొత్తగా చేరిన అసిస్టెంట్ లోకో పైలట్లు మంటను ఆర్పడం కంటే ముందు కరెంటును ఆపడం నేర్చుకోవాలి.

ఇన్సులేషన్ కాలిన ఘాటు వాసన వచ్చినా, మెషీన్ రూమ్‌లో పొగ కనిపించినా వెంటనే సర్క్యూట్ బ్రేకర్ తెరిచి (అంటే ఇంజిన్‌లోకి కరెంటు తెంచి), పై తీగ నుంచి కరెంటు తీసుకునే పాంటోగ్రాఫ్ దించి, బండిని ఆపాలి. బ్రేకర్ తెరిస్తే మంటకు గాలి అందించే బ్లోయర్లు కూడా ఆగుతాయి. వీలైనంతవరకు నాగావళి, వంశధార వంతెనల మీద బండి నిలవకుండా చూడాలి. అక్కడ దిగి పనిచేయడానికి చోటు దొరకదు.

ఇతర బండ్లను హెచ్చరించే ఫ్లాషర్ లైటు వేసి, వాకీటాకీలో ట్రైన్ మేనేజర్‌కూ (గార్డు) స్టేషన్ మాస్టర్‌కూ కిలోమీటరు నంబరుతో సహా చెప్పాలి. పక్క లైనుకు ముప్పుంటే దానికీ రక్షణ కల్పించాలి.

మంటలార్పే పొడి రసాయన సిలిండర్ పిన్ను లాగి, గాలి వీపుకు తగిలేలా నిలబడి, జ్వాల కొసను వదిలి దాని మొదలుకే గురిపెట్టాలి. ప్యానెల్ తలుపును ఒక్కసారిగా బార్లా తెరవకూడదు, లోపలికి దూసుకెళ్లే గాలితో మంట ఎగసిపడుతుంది. పాంటోగ్రాఫ్ దించినా పై తీగలో కరెంటు ఉంటుంది కాబట్టి, సరఫరా నిలిపినట్టు ధ్రువీకరణ అందేవరకు ఎవరినీ నీళ్లు చల్లనీయకండి, ఊరివాళ్లు ఎంత ఆత్రపడి బిందెలతో వచ్చినా సరే. ట్రాన్స్‌ఫార్మర్ నూనె అంటుకుంటే దూరం జరగడమే సరైనది.

ఇంజిన్‌ను విడదీయవలసి వస్తే ముందుగా వ్యాగన్ల హ్యాండ్ బ్రేకులు బిగించి, చక్రాల కింద చెక్కలు పెట్టాలి. పార్వతీపురం దాటి రాయగడ వైపు కొండల్లో వెళ్లే బండికి ఈ జాగ్రత్త మరీ అవసరం.