డార్జిలింగ్‌లో గురువారం జూకి వెళ్లకండి

డార్జిలింగ్ జూకి గురువారం సెలవు. ప్లాన్ వేసేటప్పుడు ముందు ఇది చూసుకోండి, ఎందుకంటే ఎవరెస్ట్ ఎక్కిన టెన్సింగ్ నార్గే సమాధి ఉన్న పర్వతారోహణ సంస్థకు కూడా ఆ ఆవరణలోంచే వెళ్లాలి. మంచు చిరుత, ఎర్ర పాండా కోసం ఉదయాన్నే వెళ్తే మేలు. (జూకి మన హైదరాబాద్‌లో పుట్టిన, బెంగాల్ గవర్నర్‌గా చేసిన పద్మజా నాయుడి పేరు పెట్టారు.)

సూర్యోదయం చూసే టైగర్ హిల్ ఊరి నుంచి 11 కిలోమీటర్లే, కానీ అందరి జీపులూ ఒకేసారి బయల్దేరతాయి. ఆలస్యమైతే కింద ట్రాఫిక్‌లోనే తెల్లారిపోతుంది. అక్టోబర్, నవంబర్‌లలో తెల్లవారుజామున నాలుగింటికల్లా కదలాలి. అక్కడ చాలామంది తూర్పుకేసి సూర్యుడి కోసమే చూస్తూ నిలబడతారు. మీరు ఉత్తరానికి తిరగండి: కాంచన్‌జంగా శిఖరం ఎత్తు 8,586 మీటర్లు కాబట్టి ఎండ ముందు దాని కొసకే తగులుతుంది, గులాబీ రంగు కాసేపే ఉంటుంది. స్వెటర్ ఒక్కటే చాలదు, గాలి ఆపే జాకెట్ కావాలి.

టాయ్ ట్రైన్ (చిన్న కొండ రైలు) జాయ్ రైడ్ టికెట్ ఐఆర్‌సీటీసీలో ముందే తీసుకోండి. ఆవిరి ఇంజిన్‌కి ధర ఎక్కువ, డీజిల్‌కి తక్కువ. దారి మాత్రం అదే, ఘూమ్ స్టేషన్ దాకా వెళ్లి రావడమే.